పిట్ట ముట్టిందని నేను చెప్పిన మాట

పెంగ్విన్ నోటికి చేప అందించేటప్పుడు చేప తల దాని వైపు ఉండాలట. తోక ముందు పెడితే ముట్టదట. పొలుసులూ ముళ్లూ గొంతులో ఎదురు తిరుగుతాయి కాబట్టి ఏ చేపనైనా అది తల నుంచే మింగుతుందని, ఆ పార్కులో పనిచేసే పిల్ల హిందీలో ఓపికగా చెప్పింది. మేం ఎనిమిది మందిమి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతులకు నీలం రంగు తొడుగులు వేసుకుని, చల్లటి అద్దాల గదిలో వరుసగా నిలబడి విన్నాం. బయట సంగారెడ్డి ఎండకు తారు రోడ్డు మెత్తబడుతోంది. లోపల మాట్లాడితే నోటి నుంచి ఆవిరి వస్తోంది. పిల్లాపాపలతో వచ్చినవాళ్లు తమ చేతులతోనే పక్షులకు మేత పెట్టి, ఫోటో దిగి వెళ్లడం అక్కడి ప్రత్యేకత. మా సత్తెమ్మ వదిన మనుమరాలు చిన్నికి ఏడో పుట్టినరోజు. కేకు వద్దు, పెంగ్విన్‌కు చేప పెడతానని ఆ పిల్ల పట్టుబట్టింది. అందుకని వదిన కొడుకు రవి రెండిళ్ల వాళ్లనూ ఒకే కారులో కుక్కి తీసుకొచ్చాడు.

సత్తెమ్మ వదిన మా మేనత్త కూతురు. నాకంటే ఆరేళ్లు పెద్ద. జోగిపేటలో ఉంటుంది. కొంగు తల మీదుగా చెవులకు చుట్టుకుని, గదిలోకి వచ్చిన దగ్గరి నుంచి మాటలు విసురుతూనే ఉంది.

"చలి పెడ్తుందా వదినె?" అన్నాను.

"చలి గాదు నర్సింలు. సచ్చినోళ్లను పెట్టే ఐసు డబ్బల నిలబడ్డట్టుంది. ఇదేందే చిన్నీ, ఇది పిట్టనా? పిట్టయితే ఎగరొద్దా?"

"ఎగరదు నానమ్మా, ఈదుతది."

"నల్లకోటు ఏసుకొని కోర్టుకు వొయ్యే వకీలు సాబు లెక్కుంది. ఓ నర్సింలు, మీ కచ్చేరిల గూడ గిట్లనే ఊగుకుంట నడుస్తరా?"

కలెక్టరాఫీసులో గుమస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. నడిచే తీరు అంతేనని ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు. చిన్ని మొదట పెట్టింది. చేప గుటుక్కున మాయమయ్యేసరికి ఆ పిల్ల కేక గదంతా మోగింది. తరువాత వదిన వంతు. ఆమె బకెట్లో చెయ్యి పెట్టి చేపను తీసి, తల గుప్పిట్లో బిగించి, తోక బయటికి ఉండేలా పట్టుకుంది. పొలుసు గీకేటప్పుడు మా ఇళ్లల్లో ఆడవాళ్లు అలాగే పడతారు. రెక్కకు పసుపుపచ్చ పట్టీ ఉన్న పక్షి ఒకటి దగ్గరికి వచ్చింది. ఒక కన్నుతో చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది. వదిన చెయ్యి అటు జరిపింది. అది ఇటు తిప్పుకుంది. "మాతాజీ, ఉల్టా హై, ఉల్టా" అంటూ ఆ పార్కు పిల్ల ముందుకు వచ్చేలోపే వదిన చేపను బకెట్లో వేసేసి వెనక్కి తగ్గింది.

"పోనీ తియ్యి బిడ్డా. నా చేతిలకెల్లి ఏ పిట్ట ముట్టదు. ఏడ్చి మొక్కుతెగాని మా అమ్మనే ముట్టలే" అంది చిన్నితో, నవ్వుతూనే.

తరువాతి వాణ్ణి నేను. చెప్పినట్టే తోక పట్టుకుని తల ముందుకు చాపాను. అదే పక్షి, అదే పసుపు పట్టీ, రెప్పపాటులో లాక్కుని మింగేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. రవి ఫోనులో వీడియో తీశాడు. వదిన నా భుజం మీద చెయ్యి వేసి, "సూసినవా, మా నర్సింలు చెయ్యి మంచిది. గా దినం గూడ నువ్వే గద సూసి చెప్పింది" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ముప్పై ఏళ్లు దాటినా చల్లారని కృతజ్ఞత ఉంది. నేను ఆ గదిలో మరి నిలబడలేక, బూట్లు విప్పకుండానే బయటికి వచ్చేశాను.

కాకి గురించి నేను ఇదివరకు ఒక పత్రికలో రాశాను. మా మేనత్త పోయిన మూడో రోజున పిట్టకు పెడితే కాకి ఎంతకీ రాలేదని, చివరికి వచ్చి కార్జం ముక్క మాత్రమే ఎంచుకుని ఎత్తుకుపోయిందని, మా అత్తకు కార్జమంటే అంత ఇష్టమని నవ్వు పుట్టేలా రాశాను. చదివినవాళ్లు ఉత్తరాలు రాశారు. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చున్నవాళ్లు ఆ కాకి కథ చెప్పమని అడిగేవారు. చెప్పేవాణ్ణి, కాకి నడకను చేతులతో చూపించి మరీ. నిజానికి ఆ రోజు కాకి రానే లేదు. అది చెప్పడానికే నా జ్ఞాపకాల పుస్తకంలో ఈ అధ్యాయం.

బాలమ్మ మా నాన్నకు అక్క. మాకు బాలత్త. మొగుడు పోయాక మూడేళ్ల సత్తెమ్మను చంకనేసుకుని పుట్టింటికి వచ్చిందట. నాకు ఊహ తెలిసేటప్పటికి మా ఇంటికి ఆమే ఇరుసు. పటాన్‌చెరు దాటాక రోడ్డుకు లోపలగా ఉండేది మా ఊరు. గడియారం చూసేవాళ్లం కాదు, ఫ్యాక్టరీ సైరన్ వినేవాళ్లం. మొదటి సైరన్‌కు నాన్న సద్ది గిన్నె పట్టుకుని సైకిలెక్కేవాడు. రెండో సైరన్‌కు అమ్మ పొలం కూలికి, అత్త పీపాల షెడ్డుకు కదిలేవాళ్లు. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఖాళీ పీపాలను కడిగి మళ్లీ అమ్మే షెడ్డది. పది పన్నెండు మంది ఆడవాళ్లు పీపాలోకి నడుము దాకా వంగి, గోనెపట్టతో లోపలంతా తోమేవాళ్లు. ఏ పీపాలో ఏముండేదో వాళ్లకెవరూ చెప్పలేదు. సాయంత్రం అత్త ఇంట్లోకి రాకముందే ఆమె వాసన వచ్చేది. మాగిపోయిన మామిడిపండును కిరసనాయిల్లో ముంచినట్టు ఉండేది. పొయ్యి బూడిదతో ఒకసారి, చింతపండుతో ఒకసారి చేతులు రుద్దుకుని, చివర ఆముదం రాసుకుని గడప మీద కూర్చునేది. అరచేతుల్లో తోలు తెల్లగా పాలిపోయి, వేళ్ల సందుల్లో పగుళ్లు తేలి ఉండేవి. ఆముదం ఆ పగుళ్లలోకి ఇంకేదాకా మాట్లాడేది కాదు.

ఇంట్లో అందరికంటే చివర తినేది అత్తే. మేం అప్పటికే తిని చేతులు కడుక్కుని ఉండేవాళ్లం. అయినా ఆమె అన్నం తలె ముందేసుకుని కూర్చోగానే చుట్టూ చేరేవాళ్లం. అన్నంలో మామిడికాయ తొక్కు, ఉంటే రెండు చుక్కలు మంచినూనె, ఆదివారమైతే చేపల పులుసు అడుగున మిగిలిన చిక్కటి ముద్ద. కలిపి, గుండ్రంగా చేసి, పేరు పెట్టి పిలిచేది. మొదటి బుక్క నాకు. సత్తెమ్మ వదినకు అప్పటికే పెళ్లి ఈడు వచ్చినా, రెండో బుక్క ఆమెకు ఉండాల్సిందే. "కడుపు నిండినోడు గూడ ఒక్క బుక్క తినాలె. ఆకలైతే ఎవలైనా తింటరు. నా చేతిది తినుడంటే అది ఏరే" అనేది. ఆ చేతి వాసన అన్నంలోకి వచ్చేది. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు ఆ వాసనే అన్నం వాసన అనుకునేవాణ్ణి.

సంగారెడ్డి కాలేజీలో చేరాక ముక్కు మారింది. హాస్టల్లో సబ్బు పెట్టె విడిగా దాచుకోవడం నేర్చుకున్నాను. బస్టాండు ముందు హోటల్లో చెంచాతో తినడం నేర్చుకున్నాను. ఇంటికి వచ్చినప్పుడు చొక్కాకు ఇంటి వాసన పడుతుందని వాకిట్లో దండెం మీద ఆరేసేవాణ్ణి. ఆ ఏడు పెత్రమాసకు వచ్చాను. వదినకు పెళ్లయి జోగిపేట వెళ్లిపోయింది. అత్తకు అప్పటికే దగ్గు పట్టుకుని ఉంది. పెద్దలకు పెట్టుకోవడం అయిపోయి, అమ్మా నాన్నా వెనక దొడ్లో ఉన్నారు. అత్త తలె ముందేసుకుని, కలిపి, "నర్సింలూ" అని పిలిచి చెయ్యి చాపింది. నేను మొహం పక్కకు తిప్పాను. ఆమె చెయ్యి అటు జరిపింది. నేను ఇటు తిప్పాను.

"అత్తా, నీ చెయ్యి కంపు కొడ్తుంది. నాకొద్దు."

ఆమె కోపగించుకోలేదు. చెయ్యి తన ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. "అవు బిడ్డా, కొడ్తది" అంది. ముద్దను తలెలోనే పెట్టి, పక్కకు జరిపేసింది. ఆ తరువాత ఆమె ఎవరికీ చేతి బుక్క పెట్టలేదు. నా చెల్లెళ్లు వెళ్లి కూర్చుంటే "మీకు చేతులున్నయి గద" అనేదట. ఒంట్లో బాగా లేక అలా అంటోందని అమ్మ అనుకుంది. ఎందుకో నాకు తెలుసు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. నాలుగు నెలలకు అత్త పోయింది.

వదినకు కబురు వెళ్లేటప్పటికి రవి నెల పిల్లవాడు. జోగిపేట నుంచి బస్సు మారి, పసివాణ్ణి ఎత్తుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. నోట్లో నీళ్లు పొయ్యలేకపోయింది. అంతకుముందు వచ్చినప్పుడు "నా దగ్గరికి వచ్చి ఉండు" అని తల్లిని అడిగితే ఆమె రానందని, అలిగి తినకుండానే వెళ్లిపోయింది కూడా. వాడలో అందరూ అదే చెప్పుకునేవారు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, మోదుగాకు విస్తరిలో పెట్టి, సమాధి దగ్గర ఉంచి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకూడదు. ముట్టలేదంటే పోయిన మనిషి మనసులో ఏదో పెట్టుకుని పోయిందని అర్థం. ఆ రోజుల్లో మా వైపు కాకులు తగ్గిపోయాయి. చెట్లు లేవు, ఉన్నవాటి మీద పొగ. ఇప్పుడు ఆలోచిస్తే కాకి రాకపోవడానికి అదొక్కటే చాలు. కానీ ఆ పొద్దున పొలం గట్టు ఇవతల నిలబడ్డ ఇరవై మందిలో ఎవరికీ అది తట్టలేదు. విస్తరిలో అన్నం, మాంసం, కార్జం వేపుడు, పక్కన కల్లు ముంత. ఎండ నెత్తికెక్కింది. ఈగలు వచ్చాయి. కాకి రాలేదు.

కులపెద్ద పెంటయ్య పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. "ఇగ ఒక్కొక్కలు రాండ్రి. ఎవలి మీద మనసుందో ఆమెకే తెలుసు. మొక్కుండ్రి, తప్పుంటె ఒప్పుకోండ్రి" అన్నాడు. మొదట మా నాన్న మొక్కాడు. తరువాత అమ్మ. తరువాత వదిన ముందుకు రాగానే పెంటయ్య అందుకున్నాడు.

"బిడ్డవు. నోట్ల సుక్క నీళ్లు పోసినవా? పోయినసారి తల్లి ఇంట్ల తినకుంట పోతివా లేదా? చెప్పు, నాదే తప్పని చెప్పు."

వదిన పసివాణ్ణి భుజాన వేసుకునే నేల మీద కూలబడింది. "నాదే తప్పు అమ్మా. అలిగి పోయిన. జెర ముట్టే అమ్మా. పిల్లలు ఆకలితోటి ఉన్నరే" అని ఏడ్చింది. ఆమె ఏడుపుకు పసివాడూ అందుకున్నాడు. పెంటయ్య నా వైపు తిరిగి, "నర్సింలు, నీ కండ్లు మంచిగున్నయి. గట్టు దాటి పొయ్యి సూసి రా. రాకుంటె ఇగ నువ్వు మొక్కు. నిన్ను శానా సాదింది ఆమె" అన్నాడు.

గట్టు దాటాను. అక్కడి నుంచి నేను వాళ్లకు కనబడను. విస్తరి ఎలా పెట్టామో అలాగే ఉంది. తరువాత నా వంతు. అందరి ముందూ నిలబడి, ఏం తప్పు చేశావంటే ఏం చెప్పాలి? నీ చెయ్యి కంపు కొడుతోందన్నానని చెప్పాలా? చెప్పకుండా ఉత్తినే మొక్కితే కాకి రాదని, అప్పుడు అందరికీ తెలిసిపోతుందని పూర్తిగా నమ్మాను. పందొమ్మిదేళ్ల వాణ్ణి, కాలేజీలో సైన్సు చదివేవాణ్ణి. వంగి కార్జం ముక్క ఒకటి తీసి ముళ్లపొదలోకి విసిరాను. నాలుగు వేళ్లతో అన్నం చెదరగొట్టాను. కాకి లేచినట్టు అలికిడి కావాలని మట్టిపెళ్ల తీసి ఎగరేసి "ముట్టింది! పిట్ట ముట్టింది!" అని అరిచాను.

చెప్పుకోవడానికి నాకొక సాకు ఉండేది. వదిన ఏడుపు చూడలేక అలా చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆ నిమిషంలో వదిన గుర్తే లేదు. నా వంతు తప్పించుకోవడం ఒక్కటే ఉంది. గట్టు ఇవతలికి వచ్చేసరికి పెంటయ్య అంటున్నాడు, "సూసిండ్రా? బిడ్డ తప్పు ఒప్పుకుంటెనే ముట్టింది." అందరూ అవునన్నారు. నేనూ తల ఊపాను. ఇంటికి వెళ్లి ఆకలిగా తిన్నాను.

ఆ ఒక్క మాట వదిన వెంట జోగిపేట దాకా వెళ్లింది. అత్తగారు గిన్నె కింద పడినా, పాలు విరిగినా "కన్నతల్లే ముట్టలే దీని చేతి కూడు" అనేది. మామగారు పోయినప్పుడు పిట్టకు పెట్టే వంట దగ్గరికి ఆమెను రానివ్వలేదు. నేను ఆ ఇంటికి ప్రతి పండక్కీ వెళ్లేవాణ్ణి, ఈ మాటలు వినేవాణ్ణి. వదిన అవన్నీ పడుతూనే నాకే ముందు వడ్డించేది. "ఆనాడు నర్సింలు సూడకుంటె నన్ను పొద్దూకేదాక ఏడిపిస్తుండె" అని వచ్చినవాళ్లకు చెప్పేది. ఆ వడ్డన తిని, చెయ్యి కడుక్కుని, ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని కాకి కథ చెప్పి నవ్వించేవాణ్ణి.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో మా అపార్టుమెంటు వాళ్లు పిట్టకు పెట్టాలంటే కారులో విస్తరి పెట్టుకుని కాకి ఉన్న చోటు వెతుక్కుంటూ వెళతారు. అరగంట చూసి, రాకపోతే ఆవుకు పెట్టి ఆఫీసుకు వెళ్లిపోతారు. ఎవరినీ నిలబెట్టి అడగరు. చాలా సంగతుల్లో ఆ రోజులే మేలని రాసినవాణ్ణే నేను. ఇందులో మాత్రం ఇప్పటి వాళ్లే నయం. పెంగ్విన్ మొహం తిప్పుకుంటే, చేపను తిప్పి పట్టుకోమని చెప్పే మనిషి ఆ పార్కులో ఉంది. ఆనాడు ఇరవై మందిమి ఉన్నాం. పిట్ట రాకపోవడం వదిన తప్పు కాదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

పార్కుకు వెళ్లొచ్చిన వారానికి జోగిపేట వెళ్లాను. వదిన చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఆమె వేళ్లు ఆగలేదు. అంతా అయ్యాక చాట కింద పెట్టింది.

"కంపు కొడ్తుందన్నవా?"

"అన్న వదినె."

"మా అమ్మను గంత మాటన్నవా. నిన్ను తొడ మీదికెల్లి దించకపోతుండె." చీరకు అంటిన తవుడు దులుపుకుంది. "అందుకేనారా ఆకరికి వచ్చినప్పుడు నాకు బుక్క పెట్టలే? అడిగిన నేను. పెట్టమ్మా అని అడిగిన. నీకు చేతులున్నయి గద అన్నది. గందుకే అలిగి పోయిన."

ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. వదిన అలగడానికి కారణం కూడా నేనే.

"వదినె..."

"ఆగు. నాకొక్కదానికి చెప్తె ఏమాయె? నన్ను నలుగుట్ల నిలబెట్టి అడిగిండ్రు. నువ్వు గూడ నలుగుట్ల చెప్పు."

ఆ నలుగురిలో మిగిలినవాళ్లు తక్కువ. ఊళ్లో అయిదారుగురు ఉంటారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పాను. కొందరు "గిప్పుడు గదంత ఎందుకు" అన్నారు, కొందరు నవ్వారు. పెంటయ్య పెద్దనాయన మంచం మీద ఉన్నాడు. చెవిలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లు చెప్పించుకుని, "ఏ సత్తెమ్మ?" అన్నాడు. బాలమ్మ బిడ్డ అన్నాను. "గామెకు పిట్ట ముట్టకపాయెనా? నాకైతె యాదికి లేదురా. శానా మందికి పెట్టినం" అన్నాడు.

ఆ సంగతి వదినకు ఎలా చెప్పాలో తెలియక, రాసిన ఈ అధ్యాయాన్నే తీసుకెళ్లి మొత్తం చదివి వినిపించాను. పెంటయ్యకు గుర్తు లేదన్న చోట ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆ మాట మళ్లీ చదవమంది. చదివాను. చివరి దాకా విన్నాక, "ఆకరికి ఏం రాస్తవు?" అని అడిగింది.

"ఇంక తోచలేదు వదినె."

"నేను నిన్ను మాఫ్ చేసిన్నని రాస్తవు గావచ్చు. పుస్తకాలల్ల గట్లనే ఉంటది గద."

"రాయను."

"రాయకు. నేనింక చెయ్యలే."